వేలు చెవి మీదే

కోడలు భారతికి జలుబు చేసి, గొంతు పట్టేసి, కుడి చెవి పోటెత్తింది. రెండో రోజే భాస్కర్ పెళ్లాన్ని బండెక్కించుకుని నెల్లిమర్ల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాడు. గుమ్మంలో ఎండుచేపలు ఏరుతున్న అతని తల్లి గురమ్మ ఆ బండి కనుమరుగయ్యేదాకా చూసింది. తన ఎడమ చెవి పోటు మొదలై రెండు నెలలు దాటిపోయింది. వెల్లుల్లి కాచిన నూనె చుక్కలే దానికి వైద్యం. కొడుకు "ఎలాగుందమ్మా?" అంటాడు గానీ, జవాబు వినేలోపే చెప్పులేసుకుంటాడు.

భారతి తిరిగొచ్చి మంచమ్మీద కూర్చుంది. గొంతు బొంగురుపోయినా కబుర్లు మానలేదు.

"తెలుసేటి అత్తా, గొంతుకీ సెవికీ లోపల్నించి సన్న గొట్టమున్నాదంట. గొంతు వాస్తే దాని మూతి మూసుకుపోతాదంట. సెవిలో గాలాడక బరువెక్కి పోటొస్తాదంట. పైగా రెండింటికీ ఒకటే నరమంట. గొంతులో పుండుంటే సెవి ఏడుస్తాదంట. బొమ్మేసి మరీ సూపించింది."

"బొమ్మేసిందా! నువ్వేటి సంటిపిల్లవా?"

"సెవిలో నూనె పొయ్యకూడదంట అత్తా."

"మాయమ్మ పోసింది, ఆలమ్మ పోసింది. ఎవులూ సెవిటోల్లయిపోనేదు."

భారతి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించింది, చెవికి వేడి గుడ్డ కాపడం పెట్టుకుంది, వేడి గంజి తాగింది, డాక్టరమ్మ ఇచ్చిన పారాసిటమాల్ వేసుకుంది. వారం తిరక్కుండానే ఫోన్లో పాటలు పెట్టుకుని అంట్లు తోముకుంటోంది. జబ్బు అంత మర్యాదగా వెళ్లిపోవడం గురమ్మకి ఎవరో మొహం మీద తిట్టినట్టు తగిలింది.

ఎవరూ చూడకుండా తనూ ఇంటి వెనక ఉప్పునీళ్లు పుక్కిలించింది. కాపడం పెట్టింది. కోడలి గోళీల్లో మిగిలినవి మింగింది. పోటు కాసేపు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఉప్పునీళ్లు మాత్రం అంగిట్లో ఎడమ పక్కన, బాగా లోపల, ఒకేచోట కారం పెట్టినట్టు మండించేవి. ఆ చోటు ఆమె నాలుకకి ఎప్పట్నించో తెలుసు. నాలుకకి తెలిసిన సంగతి ఆమె తనదాకా రానివ్వలేదు. ఎవరైనా ఏమైందంటే వేలు చెవి మీదకి పోయేది. నొప్పి కూడా అక్కడే ఉండేది కాబట్టి ఆమె అబద్ధమాడినట్టూ కాదు. దాక్కోవడానికి ఆ చెవి ఒక గదిలా దొరికింది.

చిన్నప్పుడు పన్నునొప్పని ఏడిస్తే తల్లి చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెట్టి, "పీల్సే, పోద్ది" అంది. పన్ను తిమ్మిరెక్కి ఊరుకుంది. అమ్మ చేతి ముద్దల రుచి మర్చిపోయింది గానీ ఆ నిప్పు రుచి మర్చిపోలేదు. నిప్పు లోపలికి పెట్టి పీల్చే ఆ అడ్డపొగ అప్పట్నించీ అలవాటైపోయింది; మొగుణ్ణి సముద్రం పట్టుకుపోయిన రోజు కూడా అదే ఆమెని కూర్చోబెట్టింది. ఇప్పుడు అదంటే కోడలికి వేళాకోళం.

"మా గరివిడి ఫేక్టరీల్లో పొగ గొట్టాల్లోంచి పైకెల్తాది. నీది లోపలికెల్తాదేటి అత్తా!"

ఈ పిల్ల మాటే నిజమని తేలడం కన్నా చెవి పోటే నయం అనుకునేది గురమ్మ.

గంజి కూడా మింగుడుపడక కంచం తోసేసిన రోజున భాస్కర్‌కి భయమేసింది. ఎండుచేపల బుట్ట దింపించి, తల్లినీ పెళ్లాన్నీ ఆటో ఎక్కించాడు.

డాక్టరమ్మ చెవిలో దీపం వేసి చూసింది. "చెవి శుభ్రంగా ఉందమ్మా. నోరు తెరవండి."

"నొప్పి సెవిలో ఉన్నాదమ్మా."

"తెలుసు. తెరవండి."

తెరిచింది. డాక్టరమ్మ చూసింది. దీపం ఆర్పలేదు. మెడ కింద వేళ్లతో తడిమింది, ఒకచోట ఆగింది. చుట్ట ఎన్నాళ్లుగా అని అడిగింది. తర్వాత చేతి తొడుగులు తీసేస్తూ, "బయట ఎవరున్నారు? లోపలికి పిలవండి" అంది.

కోడలికి బొమ్మేసి చెప్పిన మనిషే, తన సంగతి చెప్పడానికి వేరేవాళ్లని పిలుస్తోంది. గురమ్మ బల్ల మీద పెన్ను వైపు, తెల్లకాగితం వైపు చూసింది.

"నాతో సెప్పమ్మా. నా నోరే కదా."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పుండు ఉంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి, పెద్దాసుపత్రికి రాసిస్తాను. అది తేలకుండా ఏమీ చెప్పలేను. రెండు మూడు వారాలు దాటి తగ్గకపోతే అప్పుడే రావాల్సిందమ్మా."

గురమ్మ బయటికొచ్చింది. భాస్కర్ బెంచీ మీంచి లేచాడు. "సెవిలో ఏటున్నాదంటమ్మా?"

"సెవిలో ఏటీ నేదంటరా."

వాడు అమ్మయ్య అనుకున్నాడు. భారతి కిసుక్కున నవ్వింది. "సెప్పానా! ఉప్పునీల్లు సాలు. నా మాటంటే అత్తకి లెక్కనేదు."

గురమ్మ కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లో ఎండలోకి లాగింది.

"ఒసే, ఇలా రా. నీకు బాగా తెలుసు కదా, సూడు."

తల వెనక్కి వాల్చి, నోరు వెడల్పుగా తెరిచింది. భారతి నవ్వుతూనే తొంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. "అత్తా..." అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్లై వచ్చిన దగ్గర్నించీ ఆ పిల్ల నోరు మూయించగలిగింది గురమ్మ ఇదే మొదలు. లోపల ఎక్కడో గెలిచినట్టనిపించింది. నోరు మూసుకుని ఉమ్మి మింగింది. చెవి పోటెత్తింది.