కెమెరాకు అందని క్రేను

నైదెన్ ముందు గదిని వెచ్చబరిచే రేడియేటర్‌ను ముట్టుకున్నాడు. ఒంట్లో పేరుకున్న కాస్త కరెంటు ఆ ఇనుములోకి దిగిపోవాలి. లేకపోతే కంప్యూటర్ లోపలి ముక్కలు వేలు తగిలితే చాలు, చచ్చి ఊరుకుంటాయి. తర్వాత మోకాళ్ళ మీద వంగి, జిరాక్సు కొట్టు బల్ల కింది నుంచి పెట్టెను లాగి పక్క రేకు విప్పాడు. లోపల రెండేళ్ళ దుమ్ము. జేబులోంచి చిన్న బ్రష్షు తీసి, తొందరేమీ లేనట్టు దులుపుతూ కూర్చున్నాడు.

అరవై నిండిన మనిషి. పొట్టి, భుజాలు ముందుకు వంగిపోయాయి. రెండు కళ్ళజోళ్ళు, ఒకటి ముక్కు మీద, ఇంకొకటి మెడలో తాడుకు. వేళ్ళు మాత్రం ఎవరో పొడుగాటి మనిషివి తెచ్చి అతికించినట్టు సన్నగా ఉంటాయి. ఆ వేళ్ళతో ఇరవై రెండేళ్ళు ఊరి చివర ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టాడు. ఇప్పుడు ఆ షెడ్డులో సోఫాలు అమ్ముతున్నారు. కజన్‌లక్ ఊళ్ళో సగం మంది అక్కడే సోఫా కొన్నారు గానీ, నైదెన్ ఆ గేటు వైపు పోలేదు. బజారులోని కంప్యూటర్ల షాపువాళ్ళు పంపిన ఇళ్ళకు వెళ్ళి, వైరు లేకుండా ఇంటర్నెట్ అందుకునే కార్డులు బిగించి వస్తుంటాడు. ఐదేళ్ళుగా అదే పని.

కార్డు తన చోట్లో కూర్చుని చిన్నగా టక్కుమంది. ఆ చప్పుడు వినకుండా నైదెన్ స్క్రూ బిగించడు.

"కార్డుతో వచ్చిన డిస్కు ముందెందుకు వేశారు మేస్త్రీ? మా అల్లుడు వాళ్ళింట్లో కార్డే ముందు పెట్టేశాడు," అంది కొట్టు యజమాని గెర్గినా.

"అందుకే మొన్న వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. ఇంటికి ఎవరొస్తున్నారో ముందు కంప్యూటర్‌కి చెప్పాలి గెర్గినా. తర్వాతే తలుపు తియ్యాలి."

గెర్గినా నవ్వి, పని చేస్తోందో లేదో చూడ్డానికి ఒక చావు నోటీసు ప్రింటు కొట్టింది. ఆవిడకు అదే వ్యాపారం. ఊళ్ళో ఎవరు పోయినా ఫొటో, పేరు, నాలుగు ముక్కలు వేసి ఆవిడే కాగితం తయారు చేయాలి. దాన్ని వీధి తలుపుకీ, కరెంటు స్తంభానికీ, బస్టాపుకీ అంటిస్తారు. పోయిన నలభై రోజులకు మళ్ళీ ఒకటి, ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి. కజన్‌లక్‌లో పోయినవాళ్ళెవరూ గెర్గినాకు చెప్పకుండా పోలేదు. ఆవిడ కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, మీ అన్న ఎలా ఉన్నాడని అడిగింది.

"తిడుతున్నాడు."

"అయితే బానే ఉన్నాడు."

నైదెన్ సంచి సర్దుకున్నాడు. సంచి అడుగున జేబురుమాలులో చుట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. దాని మీద పెన్సిలుతో 'వెల్కో' అని రాసి ఉంది. ఆ పేరు మరెవరి కోసమో రాయలేదు, తన కోసమే రాసుకున్నాడు. అడిగినవాళ్ళకు లేదనడం అతనికి పుట్టుకతోనే రాదు. అన్న కోసమని ఇప్పటికి రెండు కార్డులు పక్కన పెట్టాడు, రెండూ దారిలోనే పోయాయి. మొదటిది ప్రసూతి వార్డులో నర్సు అడిగితే ఇచ్చాడు. రెండోది తీసుకున్నవాడు కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు. షాపులో మళ్ళీ సరుకు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో వెల్కో ఐదు కిలోలు తగ్గాడు.

వెల్కో అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బుర్గాస్ ఓడరేవులో ముప్ఫై నాలుగేళ్ళు మూడో నంబరు క్రేను నడిపాడు. పెళ్ళి మూడేళ్ళు నిలిచింది, క్రేను మాత్రం ముప్ఫై నాలుగేళ్ళు నిలిచింది. ఊపిరితిత్తులు పాడయ్యాక, నాలుగేళ్ళ కిందట ఒక పెట్టెతో తమ్ముడి అపార్టుమెంటుకు వచ్చి, సముద్రం లేని ఊళ్ళో మనుషులెలా బతుకుతారని మొదటి రోజే అడిగాడు. వేసవి నుంచి బాత్రూముకు తప్ప మంచం దిగలేదు. ముక్కుకు గొట్టం, పక్కన గురగురమనే ఆక్సిజన్ యంత్రం. ఇంక బుర్గాస్ రైలెక్కడం కల.

సెప్టెంబరులో ఒకరోజు వంటింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఓడరేవు ఆఫీసు కప్పు మీద కెమెరా ఉందనీ, అరనిమిషానికొక బొమ్మ పంపుతుందనీ నైదెన్ కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరుకోవాలి కదా, వెళ్ళి అన్నకు చెప్పాడు. ఆ రోజు నుంచి వెల్కోకు అదే ధ్యాస. వంటింట్లోకి మంచం పట్టదు. వైరు లాగుతానంటే వెల్కో ఒప్పుకోలేదు. ముప్ఫై నాలుగేళ్ళు తాళ్ళు దాటుకుంటూ నడిచాను, ఇంట్లో కూడా దాటలేనన్నాడు. నిజమే, బాత్రూముకు పట్టుకుని తీసుకెళ్ళేటప్పుడు ఆక్సిజన్ గొట్టానికే కాళ్ళు తడబడుతున్నాయి. మిగిలింది కార్డు ఒక్కటే. రోజూ సాయంత్రం తలుపు చప్పుడైతే చాలు లోపలి నుంచి ఒకటే ప్రశ్న: "తెచ్చావా?"

సోమవారం డాక్టరు వచ్చి, వెల్కో ముందు వాతావరణం గురించి మాట్లాడి, మెట్ల దగ్గర నైదెన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఈ వారం దాటనివ్వండి, చూద్దాం అన్నాడు. ఇవాళ గురువారం.

ఆ రోజు రెండో పని రిటైరైన లెక్కల టీచరు కెరానా ఇంట్లో. అక్కడ అంతా పద్ధతిగానే జరిగింది. డిస్కు, రేడియేటర్, కార్డు, టక్కుమన్న చప్పుడు. కంప్యూటర్ మాత్రం కార్డును గుర్తుపట్టలేదు. తీసి పక్క చోట్లో పెట్టాడు. డిస్కు మళ్ళీ మొదటి నుంచి నడిపాడు. గంట గడిచింది. కార్డు పుట్టుకతోనే చచ్చింది, అంతే.

కెరానా ఆఖరి పీరియడులో పిల్లల్ని చూసినట్టు సంచిలోకి చూసింది. "అదిగో ఇంకొకటి ఉందిగా."

నైదెన్ చేతులు సంచి మీదకు వెళ్ళాయి. రేపు ఉదయమే షాపు నుంచి ఇంకొకటి తెచ్చి బిగిస్తానన్నాడు. ఆవిడ, రాత్రికి తనకు పనుందనీ, ఆ ఉన్నదేదో పెట్టి వెళ్ళమనీ అంది. ఎప్పటిలా సరేనన్న మాట అతని నోటి దాకా వచ్చింది.

"ఇది మా అన్నదండీ," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆయనకి రేపటిదాకా... చెప్పలేం."

కెరానా జేబురుమాలు చాటున ఉన్న పెన్సిలు అక్షరాలు చదివింది. లోపలికి వెళ్ళి మిరపకాయ పచ్చడి సీసా తెచ్చి అతని సంచిలో పెట్టి, వెళ్ళమన్నట్టు తలుపు తీసి పట్టుకుంది. అరవై ఏళ్ళ జీవితంలో నైదెన్ ఒకరికి లేదని చెప్పడం అదే మొదటిసారి. బస్సులో ఇంటి దాకా సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

నాలుగు గంటలకు నాలుగో అంతస్తు చేరేసరికి ఎదురింటి రుసానా కోటు వేసుకుని బయటికి వస్తోంది. మధ్యాహ్నాలు వెల్కో దగ్గర ఆవిడే కూర్చుంటుంది. సూపు రెండు చెంచాలే తాగాడనీ, దాంట్లో ఉప్పు లేదని మాత్రం పావుగంట తిట్టాడనీ చెప్పింది.

"తెచ్చావా?" అని లోపలి నుంచి వినిపించింది. గొంతు సగం గాలి.

"తెచ్చాను."

"అయితే చేతులు కడుక్కుని రా. ఎవరింట్లో ఏం ముట్టుకున్నావో."

వెల్కో మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు తలుపు నిండా నిలబడే మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. కంప్యూటర్ ముందురోజే మంచం పక్కకు, అమ్మ కుట్టుమిషను బల్ల మీదికి చేరింది. నైదెన్ డిస్కు వేశాడు. తెర మీద నీలం గీత మెల్లగా నిండుతోంది.

"ఇంకెంతసేపురా? ఈపాటికి నేను ఒక ఓడ దింపేవాణ్ణి."

"ఒక ఓడకి నీకు రెండ్రోజులు పట్టేది. నువ్వే చెప్పావు."

"నీకు చెప్పడం నాదే తప్పు."

గీత నిండాక కంప్యూటర్ ఆపి, కిటికీ కింద రేడియేటర్‌ను ముట్టుకుని, పెట్టె విప్పాడు. కార్డు పెట్టాల్సిన చోట వెనకవైపు ఒక సన్నటి ఖాళీ రేకు ఉంటుంది. దాని స్క్రూ తీస్తే రేకు ఊడొస్తుంది. తర్వాత అదే స్క్రూతో కార్డు బిగించాలి. స్క్రూ తీసి ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసిన నైదెన్‌కు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. వెల్కో అరచేయి లాగి అందులో పెట్టాడు.

"పట్టుకో. పోగొట్టావంటే చెవి ఉండదు."

వెల్కో ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. అది వాళ్ళిద్దరి మధ్య యాభై నాలుగేళ్ళ నాటి మాట. నైదెన్‌కు ఆరేళ్ళప్పుడు అన్న సైకిలు చక్రం విప్పుతూ ఒక నట్టు అతని చేతికిచ్చి అచ్చం అదే మాట అన్నాడు. నైదెన్ దాన్ని గడ్డిలో పోగొట్టాడు. వెల్కో చెవి మెలిపెట్టిన మాట నిజమే గానీ, ఆ తర్వాత చీకటి పడేదాకా తమ్ముడితో పాటు గడ్డిలో పాకి వెతికాడు. దొరకలేదు. చక్రానికి తీగ చుట్టి నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత జీవితమంతా, పెళ్ళిళ్ళలో, ఆఖరికి అమ్మ అంత్యక్రియల భోజనాల దగ్గర కూడా, వీడి చేతికి ఏమీ ఇవ్వకండని అందరికీ చెబుతూ వచ్చాడు.

"నేనేం నీలా కాదు," అని వెల్కో గుప్పిట మూసుకున్నాడు.

కార్డు టక్కుమంది. ఇవాళ నైదెన్ స్క్రూ కోసం ఆగలేదు, ముందు పని చేస్తే చాలనుకుని స్విచ్ వేశాడు. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టింది. ఇంటి నెట్‌వర్క్ పేరు తెరమీద కనబడింది. సిగ్నల్ ఐదు గీతల్లో రెండే వెలిగాయి. ఇంటర్నెట్ పంపే పెట్టె వంటింట్లో ఉంది, మధ్యలో కాంక్రీటు గోడ. వంటింటి తలుపు తెరిచి వచ్చి, కార్డు వెనక ఏంటెన్నాను కిటికీ వైపు వంచితే మూడో గీత కూడా వెలిగింది. పాస్‌వర్డు కొట్టాడు.

బొమ్మ పైనుంచి కిందికి, ముక్కలు ముక్కలుగా దిగింది. ముందు బూడిద రంగు ఆకాశం, తర్వాత లైట్లు, తర్వాత నీళ్ళు. నైదెన్ తెరను మంచం వైపు తిప్పాడు.

వెల్కో చాలాసేపు చూశాడు. "అది రెండో క్రేను."

"మరి నీది?"

"ఎడమ పక్కన. కాస్త ఎడమకి తిప్పు."

"అది మన చేతిలో లేదన్నయ్యా. కప్పు మీద బిగించేశారు."

రెండు నెలలు ఊరించి, వారం తర్వాత వారం దాటవేసి, చివరికి తెచ్చి చూపించింది పక్కవాడి క్రేనా? నైదెన్‌కు ఏడుపొచ్చింది. బుర్గాస్ వెళ్ళి ఆ కెమెరాను గుద్ది తిప్పాలనిపించింది. కానీ వెల్కో ముందుకు వంగాడు. రేవులో ఓడ ఉంది, లైట్లు వేసి ఉన్నాయి, అంటే మూడోది కూడా పనిలోనే ఉందన్నాడు. సరుకు ఎత్తి ఇటు తిరిగినప్పుడు దాని చేతి కొస బొమ్మ ఎడమ అంచులోకి రావాలన్నాడు. ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"చూస్తూ ఉండు. కళ్ళు తిప్పకు."

నైదెన్ రెండో కళ్ళజోడు కూడా పెట్టుకుని, మంచానికి వీపు పెట్టి నేల మీద కూర్చుని చూశాడు. అరనిమిషానికొక బొమ్మ. ఓడ. ఓడ, ఒక మనిషి. ఓడ, మనిషి లేడు. వెనకనుంచి వెల్కో, కేబినులో ఎవడో కొత్తవాడున్నట్టున్నాడు, నెమ్మదిగా తిప్పుతున్నాడు, నెమ్మదే మంచిదన్నాడు. మళ్ళీ ఓడ. కిటికీలో వెలుతురు తగ్గింది. యంత్రం గురగురమంటోంది. పదో బొమ్మో పదకొండో బొమ్మో, ఎడమ అంచులో పసుపుపచ్చటి కొస ఒకటి దిగింది. దాని కింద తీగ, తీగకు వేలాడుతూ ఏదో బరువు.

"వచ్చింది అన్నయ్యా. అదేగా?"

వెల్కో పలకలేదు. పనిలో ఉన్నప్పుడు వెల్కో ఎప్పుడూ పలకడు. నైదెన్ కదలకుండా ఆ కొసనే చూశాడు. అరనిమిషం గడిచి తర్వాతి బొమ్మలో అది లేదు.

మాట నిలబెట్టుకున్నందుకు నైదెన్ గుండె తేలికపడింది. స్క్రూడ్రైవరు అందుకుని, తల తిప్పకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాపాడు.

"స్క్రూ ఇవ్వు."

చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"ఏం, పోగొట్టావా?" అన్నాడు. ఆ మాట అనడానికి యాభై నాలుగేళ్ళు ఆగాడు.

అప్పుడు తిరిగి చూశాడు. వెల్కో ముఖం తెర వైపే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. యంత్రం ఇంకా ఆగలేదు, ఎవరికో గాలి పంపుతూనే ఉంది. కుడి చెయ్యి దుప్పటి మీద గుప్పిట మూసి ఉంది. నైదెన్ చెయ్యి దానంతటదే ముందు రేడియేటర్‌ను ముట్టుకుంది. ఆ తర్వాతే ఆ గుప్పిట మీదకు వెళ్ళింది.

డాక్టరు ఐదింటి ప్రాంతంలో అని రాశాడు. ఐదింటి ప్రాంతం నైదెన్‌కు చాలదు. పసుపు కొస వచ్చిన బొమ్మకు ముందా, తర్వాతా? ఒక్క అరనిమిషం సంగతి. నువ్వు కళ్ళు తిప్పకు అన్నాడు, తిప్పలేదు. ఒక్కసారి తిప్పి ఉంటే తెలిసేది. ఇంక ఎవరిని అడిగినా తెలియదు.

ఒంటికి నీళ్ళు పోసి బట్టలు తొడగడానికి రుసానా వచ్చింది. వేళ్ళు విప్పడం కష్టమైందట. అందులో దొరికింది ఏమిటో ఆవిడకు తెలియలేదు. అయినా పారెయ్యలేదు, ఆయనదే కదా అని కిటికీ గట్టు మీదున్న, వెల్కో రాకియా సారా తాగే గ్లాసులో వేసింది. మర్నాడు ఉదయం గెర్గినా కొత్త కార్డు గల కంప్యూటర్ మీద, క్రేను కేబినులో తీయించుకున్న పాత ఫొటోతో వెల్కో నోటీసు ప్రింటు చేసి, నైదెన్ చేతికిచ్చింది. నైదెన్ ఒకటి వీధి తలుపుకి అంటించి, సంచి తీసుకుని కెరానా ఇంటికి వెళ్ళాడు. ఉదయమే వస్తానని మాటిచ్చాడు మరి.

నలభై రోజుల కాగితం కూడా అంటించడం అయింది. నైదెన్ ఇళ్ళకు వెళ్తూనే ఉన్నాడు, ముందు డిస్కు, తర్వాత కార్డు. ఏ ఇంట్లోనూ స్క్రూ బిగించకుండా రాలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఓడరేవు తెరుస్తాడు. తన కార్డు మాత్రం బిగింపు లేకుండానే నిలబడి ఉంది, వెనక చిన్న చిల్లు ఖాళీగా. వంటింటి తలుపు గట్టిగా వేస్తే మూడో గీత ఆరిపోతుంది. కిటికీ గట్టు మీద ఆ గ్లాసు ఉన్నచోటే ఉంది, అడుగున వెల్కో పోగొట్టకుండా ఉంచిన స్క్రూ.