పన్నెండు నుంచి రెండు దాకా

ఈ మూల తిరిగితే వేయించిన చేప దొరికే హోటలు, నేరుగా పోతే సూపూ బ్రెడ్డూ ఇచ్చే ముసలావిడ హోటలు, ఎటు పోదామా అని కాళ్లు కాసేపు ఆగాయి, సంచిలో డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది, అది ఉన్నా ఆకలేస్తోంది, సిగ్గు లేని కడుపు, వార్డులో ఇప్పుడు ఆయనకు ఒళ్లు తుడుస్తుంటారు, గొట్టాలు మారుస్తుంటారు, పన్నెండు నుంచి రెండు దాకా ఎవరినీ ఉండనివ్వరు, రేవులో వెల్డింగు చేస్తూ కూలిపోయారని కబురొస్తే పరాయి దేశానికి ఒంటరిగా విమానమెక్కి వచ్చాను, ఏడు నెలలైంది, మొదట్లో ఈ రెండు గంటలూ ఆస్పత్రి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని, వార్డు నర్సే కదా లేవగొట్టింది, వాళ్ల మాట తెలుగులో చెప్పే మన తెలుగమ్మాయిని పక్కన పెట్టుకుని, ఆంటీ, మీరలా తిరిగొచ్చి చూసినవీ తిన్నవీ అంకుల్ చెవిలో చెప్పాలట, తెలిసిన గొంతు వింటే ఏమైనా కదలిక రావచ్చట అని, సరేనని తిరిగాను, మందు వేసినట్టు రోజూ చెప్పాను, ఏమండీ, తాళాలు బాగుచేసేవాడి కుక్క నన్ను గుర్తుపట్టిందండీ, ఏమండీ, ఇక్కడ సూపులో ఉప్పు మరిచిపోతారు, మీరైతే గిన్నె విసిరికొట్టేవారు.

ఆయనలో కదలిక రాలేదు, నాలో వచ్చింది, పంతొమ్మిదేళ్లు ఆయన వీపు చూస్తూ నడిచాను, ఎప్పుడూ పదడుగులు ముందుండి, నడుస్తున్నావా పాకుతున్నావా అని అరిచేవారు, చెడ్డమనిషి కాదు, నాకు టైఫాయిడ్ వస్తే తొమ్మిది రోజులు తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారు, కానీ హోటలు మాటెత్తితే మాత్రం, ఏం, చేతులు పడిపోయాయా అనేవారు, ముసలావిడ కిటికీ పక్క కుర్చీ లాగింది, రోజూ నాకోసమే ఉంచుతుంది, పోయిన నెల ఎవరో లావుపాటాయన కుర్చీలో ఇరుక్కుపోయిన తీరు చేసి చూపిస్తే నాకు నవ్వి నవ్వి పొలమారింది, అంతగా ఎప్పుడు నవ్వానో గుర్తులేదు, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, ఆరోజు ఏమీ తినలేదండీ అని అబద్ధమాడాను, వినపడని మనిషితో అబద్ధమెందుకు.

పొద్దున మరిది ఫోను, వదినా, సంతకం మాత్రం పెట్టకు, అన్నయ్య లేస్తాడు, ఇంకొకరైతే ఈపాటికి చేతులెత్తేసేవాళ్లు, నువ్వు దేవతవి వదినా, దేవత సూపు తాగి బ్రెడ్డు అంచుతో గిన్నె తుడుచుకుంటోందయ్యా అని చెప్పాలనిపించింది, డాక్టరు ఈ కాగితం ఇవ్వడం మూడు నెలల్లో ఇది మూడోసారి, మెదడులో ఇంకేం మిగల్లేదట ఆంటీ, మెషిను తీసేస్తే ఒకటి రెండు రోజులట, వీపు మీద పుండు ఎముక దాకా పోయిందట, నొప్పి తెలుస్తుందా అమ్మా అడుగు అన్నాను, తెలియకపోవచ్చట, తెలియనూవచ్చట, ఆ అమ్మాయి నా మొహం చూడలేక గోడ గడియారం చూసింది, ఇంకొన్నాళ్లు చూద్దామని చెప్పమ్మా అన్నాను, మూడోసారీ అదే మాట, భర్త మీద ఆశ అనుకున్నారందరూ, నేనూ అదే అనుకున్నాను.

సూపు వేడిగా ఉంది, కిటికీ అవతల ఎండ, ఎవరో పిల్లను భుజాన వేసుకుని పోతున్నారు, ఆయన ఊపిరున్నంత వరకే ఆస్పత్రి వాళ్లు ఉత్తరమిస్తారు, ఆ ఉత్తరం చూపిస్తేనే వీసా ఇంకో నెల పెంచుతారు, అది పెరిగితేనే నాకీ వీధి, అక్కడ ఊళ్లో మరిది ఇంట్లో అత్తగారి మంచం పక్కన నాకూ మంచం వేసి ఉంచారట, గుమ్మం దాటితే ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు అని అడుగుతారు, అందుకనే, అందుకనేనా, చెంచా కింద పెట్టాను, ఇంకొన్నాళ్లు చూద్దామన్నప్పుడల్లా నా కళ్ల ముందున్నది ఆయన కాదు, ఈ కిటికీ, నా రెండు గంటల షికారు కోసం ఆ మనిషిని మూడు నెలలుగా ఆ పుండు మీద పడుకోబెట్టాను.

ముసలావిడను పిలిచి గాలిలో వేలితో రాసి చూపించాను, బిల్లు అనుకుని బిల్లు తెచ్చింది, కాదు కాదని ఆవిడ చెవి వెనక ఉన్న పెన్ను అడిగి తీసుకున్నాను, గిన్నె పక్కకు జరిపి, బల్ల మీది తడి కొంగుతో తుడిచి, కాగితం పరిచి సంతకం చేశాను.