అంకాలమ్మ దారి చూసి వచ్చింది

గొర్రెల మందను కొత్త చోటికి తోలేవాళ్ళు గుడ్డిగా బయలుదేరరు. ముందు ఇంట్లో ఒకరు ఒంటరిగా ఆ దారంతా నడిచి వస్తారు. నీళ్ళెక్కడ, నీడెక్కడ, కుక్కలెక్కడ, కర్ర ఎత్తే రైతెవరు, అన్నీ చూసి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్క ముక్క దాచినా మందకు చేటే. యర్రగొండపాలెం అవతల అడవి అంచున ఉండే ఓబులయ్య ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని ఇది.

ఈసారి పంపాల్సింది గొర్రెల్ని కాదు, కూతుర్ని. రేణుక ఇంటరు ఫస్టుక్లాసులో ప్యాసైంది. మార్కాపురంలో డిగ్రీ సీటొచ్చింది. సోమవారంలోగా చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. చేరితే రోజూ బస్సులో పోవాలి, దిగి బజార్ల గుండా కాలేజీ దాకా నడవాలి. అడవిలో చిరుతపులి అడుగు చూసి కూడా జంకని ఓబులయ్యకు ఆ నడక తలుచుకుంటేనే భయమేసింది. దారి చూడకుండా పంపేది లేదన్నాడు. చూసొద్దామంటే ఆయన మోకాలు వాచి మంచం దిగనివ్వడం లేదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా, నువ్వే పోయి రా అని పెళ్ళాం అంకాలమ్మను పురమాయించాడు.

"చూసింది చూసినట్టు చెప్పాల. కుక్కలుంటే ఉన్నాయని చెప్పు. పిల్ల మొహం చూసి దాచొద్దు," అన్నాడు.

అంకాలమ్మ మార్కాపురం ఎరగనిదేమీ కాదు. ఆసుపత్రికి ఆటోలో పోయింది, సంతకు గొర్రెలతో పాటు లారీలో పోయింది. కానీ ఆ ఊళ్ళో తన కాళ్ళ మీద తాను నడిచింది మాత్రం లేదు. గురువారం పొద్దున్నే ఆధార్ కార్డు గుప్పిట్లో పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు సున్నా టికెట్టు చేతికిస్తే దాన్ని తిప్పి తిప్పి చూసి, జాకెట్లో దాచుకుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. తాను రోజూ కాళ్ళరిగేలా తిరిగే బీళ్ళు ఇంత అందంగా ఉంటాయా అని ఆశ్చర్యపోయింది పాపం.

బస్టాండులో దిగగానే పని మొదలుపెట్టింది. ఓబులయ్యకు ఒక పద్ధతి ఉంది. మందను ఆపబోయే ఊళ్ళో నాలుగిళ్ళ ముందు నిలబడి నీళ్ళడుగుతాడు. మొహం చిట్లించకుండా పోస్తే ఆ ఊరు మంచిది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, సరే అడుగుదామనుకుని అంకాలమ్మ కూడా కాలేజీ దాకా దారి పొడుగునా అడుగుతూ పోయింది. పండ్ల బండి ఆమె సీసా ఇచ్చింది. పలకల గోడౌను ముందు కూర్చున్న ముసలాయన కుండలోంచి ముంచి ఇచ్చాడు. మందుల షాపులో గ్లాసు కడిగి మరీ ఇచ్చారు. ఒక ఇల్లాలు ఎండన పడి వచ్చావంటూ చెంబుడు మజ్జిగే పోసింది. ఒక్క చెప్పుల దుకాణం వాడే పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇచ్చినవి తాగకపోతే మర్యాద కాదు కదా! దాహం లేకపోయినా తాగుతూనే పోయింది మహాతల్లి.

కాలేజీ గేటు చూసి వెనక్కి తిరిగేసరికి వచ్చింది తంటా. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? అడవిలో అయితే ఏ కంపచెట్టు చాటున్నా సరిపోయేది. ఇక్కడ ఎటు చూసినా గోడలూ జనమూ. ఇంత ఊరు కట్టినోళ్ళకు ఆడదానికి ఒక చాటు కట్టాలని తోచలేదా అని లోలోపలే తిట్టిపోసింది. నడక వడి పెరిగింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక పక్క వీధిలో మిషను కుట్టుకుంటున్న మనిషి ఆమె వాలకం చూసి ఏమీ అడక్కుండానే లేచి, కొట్టు వెనక తలుపు తీసి చూపించింది. ఆమె పేరు యశోద.

బయటికొచ్చి అంకాలమ్మ సిగ్గుతో చచ్చిపోతూ సంగతంతా చెప్పింది. యశోద పడీ పడీ నవ్వింది. కాలేజీ పిల్లలు కూడా తన దగ్గరికే వస్తారనీ, ఏ ఒక్కరినీ పొమ్మననీ చెప్పింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, అది నిజమేననిపించింది అంకాలమ్మకు. ఇంక పిల్లను పంపొచ్చని సంబరపడింది.

కాలేజీ వదిలేవేళకు మళ్ళీ గేటు దగ్గర నిలబడి, ఆడపిల్లల వెనకే బస్టాండుకు నడిచింది. వాళ్ళు అడ్డదారిన ఒక సందులోకి తిరిగారు. ఆ సందులో బ్రాందీ షాపు. ఇద్దరు మగవాళ్ళు బండి అడ్డంగా పెట్టుకుని, పోయే పిల్లనల్లా ఏదో ఒకటి అంటున్నారు. రేణుక ఈడుదే ఒక పిల్ల, పుస్తకాలు రొమ్ముకు అదుముకుని తల దించుకుని దాదాపు పరుగెత్తింది. అంకాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. బండి ముందుకు పోయి నిలబడి, మీ అమ్మలది ఏ ఊరో చెప్పండి, పోయి మాట్లాడొస్తానంది. వాళ్ళు నసుగుతూ బండి తీశారు. కానీ రేపు మళ్ళీ వస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తిరుగు బస్సులో కిటికీ బయట ఏముందో ఆమె చూడలేదు. చెప్తే పిల్ల చదువు అక్కడితో సరి. చెప్పకపోతే? దారి చూడబోయిన మనిషి అబద్ధం చెప్తే ఇంకేముంది? ఇల్లు చేరేదాకా ఇదే కొట్లాట.

ఇంట్లో ఇద్దరూ ఆమె కోసమే కూర్చుని ఉన్నారు. అంకాలమ్మ నీళ్ళ సంగతి చెప్పింది, మజ్జిగ సంగతి చెప్పింది, తన అవస్థ కూడా చెప్పింది. ఓబులయ్య కూడా నవ్వాడు. నవ్వు ఆగాక బ్రాందీ షాపు సందు గురించి చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

"అట్లయితే మానుకుందాం," అన్నాడు ఓబులయ్య. రేణుక తల దించుకుంది.

అంకాలమ్మకు పట్టరాని కోపమొచ్చింది.

"మానుకోటానికైతే నన్నెందుకు పంపినావు? ముప్పై ఏండ్లుగా నువ్వు పోయినావు, వచ్చినావు. కుక్కలున్నాయని చెప్పని ఏడు ఒక్కటన్నా ఉందా? కుక్కలున్నాయని మనం ఏనాడన్నా మందను దొడ్లో పెట్టుకోని కూచున్నామా? చుట్టు తిరిగి తోలుకోని పోయినాం. ఆ యశోదమ్మ కొట్టు మీదుగా పోతే సందు తగలదు, రెండు ఫర్లాంగులు ఎక్కువ, అంతే. పది దినాలు నేను కూడా పోతా. ఆనక అదే పోతుంది."

ఓబులయ్య పెళ్ళాం మొహంలోకి చూశాడు. కూతురి వైపు తిరిగాడు.

"తొలి బస్సు ఎన్నింటికమ్మా?"

"ఆరున్నరకు నాయనా," అంది రేణుక. ఆ మాట అంటూనే తన ఆధార్ కార్డు వెతుక్కోవడానికి లేచింది.