మంచి కాలికి ఉప్పు మూట

ఆపరేషన్ చేసింది ఎడమ కాలికి. మొద్దుబారినవి మాత్రం రెండు కాళ్లూ. సుంకమ్మ భయమంతా ఆ రెండో కాలి గురించే.

ఆమె కూతురు గౌతమికి ఎనిమిదేళ్లు. ఎడమ మోకాలు లోపలికి వంగిపోయి, నడుస్తుంటే రెండో మోకాలికి కొట్టుకునేది. అనంతపురం ఆసుపత్రిలో ఎముక కోసి, వంకర సరిచేసి, తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. నొప్పి తెలియకుండా వెన్నులోకి సన్నని గొట్టం పెట్టారు. మంచం పక్కనున్న చిన్న మిషను ఆ గొట్టం గుండా మందును కొంచెం కొంచెంగా పంపుతోంది. పిల్ల ఏడవలేదు. పాలు తాగి, పిండికట్టు మీద నెమలి బొమ్మ వేయించుకుంటానని చెప్పి నిద్రపోయింది.

సుంకమ్మ ఊపిరి పీల్చుకునే లోపే అత్త ఆంజినమ్మ దుప్పటి ఎత్తి, పిల్ల కుడి పాదాన్ని గిల్లింది. పిల్ల ఉలకలేదు, పలకలేదు.

"చూడు. మంచి కాలు గూడా పాయ," అంది ఆంజినమ్మ. "నడుముకు సూది ఏపియ్యద్దని మొత్తుకుంటి. ఎవురిన్నారు నా మాట?"

"మందు పోతాండేంతసేపు రెండు కాళ్లూ మొద్దుబారతాయని నర్సమ్మ చెప్పింది గదత్తా."

"ఆయమ్మకేం పోతాది? కుంటుకుంటా అయినా నడిచే పిల్లను తెచ్చినాం. ఇప్పుడు మనూరు కుందుర్పికి ఎత్తుకోని పోవాల్నేమో."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ కాగితం మీద వేలిముద్ర వేసింది సుంకమ్మే. మొగుడు ఎర్రిస్వామి చెనక్కాయ పీకే పనుందని ఊళ్లోనే ఉండిపోయాడు. రేపు కాలు రాకపోతే ఊరంతా తనవైపే వేలు చూపిస్తుందని ఆమెకు తెలుసు. అందుకే అత్త మూటలోంచి కల్లుప్పు తీసినప్పుడు అడ్డు చెప్పలేదు.

వాళ్లింట్లో నడుము పట్టినా, కాలు పట్టినా ఉప్పు మూటే మందు. ఆంజినమ్మ గేటు బయట టీ అంగడి కుళ్లాయప్ప దగ్గరికి పోయి, పెనం అడిగింది.

"ఏమవ్వా, ఉప్పు ఏంచుకోని తింటావా?" అన్నాడు కుళ్లాయప్ప.

"నీ బోండాల కంటే అదే మేలు లేప్పా. బాగా కాగనీ."

వేడి ఉప్పును గుడ్డలో మూటగట్టి తెచ్చి, గౌతమి కుడి మడమ కింద పెట్టి, దుప్పటి కప్పింది.

"అబ్బా అనేదాకా తియ్యగూడదు," అంది కోడలితో. "మీ మామకు గూడా అట్లనే పెడ్తాంటి. అబ్బా అన్నాడంటే చాలని లెక్క."

ఇద్దరూ ఆ మాట కోసం కూర్చున్నారు. గౌతమి కళ్లు తెరిచింది.

"అవ్వా, బోండా వాసనొస్తాంది. తెచ్చినావా?"

"కాలికి ఏమన్నా తెలుస్తాందా మే?"

"ఏం తెలీలే. బోండా యాడ?"

ఏమీ తెలియడం లేదంటే మూట చల్లారిపోయిందేమోనని సుంకమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టింది. వేళ్లు చురుక్కుమన్నాయి. మూట లాగి నేలకేసి కొట్టింది. మడమ ఎర్రగా కందిపోయి ఉంది. పిల్ల మాత్రం నవ్వు మొహంతో బోండా కోసమే చూస్తోంది.

"ఎవురికీ చెప్పద్దు," అంది ఆంజినమ్మ మెల్లగా. "తిట్టి పంపిచ్చేస్తారు. కొబ్బరినూనె పూస్తే పోతాది."

సుంకమ్మ అత్త మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. కాలినట్టు పిల్లకే తెలియదు. తాను చెప్పకపోతే ఇంక చెప్పేవాళ్లు లేరు. లేచి పోయి నర్సు కృపాకుమారిని పిలుచుకొచ్చింది.

కృపాకుమారి మడమ మీద చాలాసేపు చల్లని నీళ్లు పోసింది. ఆ తర్వాత ఆంజినమ్మ వైపు తిరిగింది.

"ఏం పెద్దమ్మా, మొద్దుబారిన కాలికి నిప్పు పెడ్తారా? నొప్పి తెలీకుండానే గదా ఆ మందు ఇచ్చేది. అబ్బా అని ఎట్లంటాది?"

ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు వచ్చి చూసి, మిషనులో మందు తగ్గించాడు. కాళ్లు కదలడానికి కొంత టైం పడుతుందన్నాడు. ఎంత టైమో సుంకమ్మ అడగలేకపోయింది.

సాయంత్రానికి మడమ మీద బొబ్బ లేచింది. నర్సు ఇచ్చిన మందును సుంకమ్మ దాని చుట్టూ మెల్లగా పూస్తోంది.

"అబ్బా! మండుతాందిమా!" అని గౌతమి కేక పెట్టి, ఆ కుడి కాలితోనే తల్లి చేతిని ఒక్క తన్ను తన్నింది.

చేతిలోని పూత మందు ట్యూబు ఎగిరి కింద పడింది. మంచం పక్కన నేల మీద కూర్చున్న ఆంజినమ్మ లేచి నిలబడింది. కేక విన్న కృపాకుమారి నొప్పి తగ్గే సిరప్ తేవడానికి పోయింది.

"మా, తన్నితినని కొడ్తావా?" అంది గౌతమి ఏడుస్తూనే.

"లేదు మే," అంది సుంకమ్మ. చెయ్యి అక్కడే పెట్టి, "ఇంకోసారి తన్ను," అంది.