మూడు గంటల అలారం

సుబేదారిలోని ఒక ప్రైవేటు దవాఖానలో ఫ్రాన్సిస్ పద్దెనిమిదేళ్లు పని చేశాడు. రెండో అంతస్తు చివర సర్వర్ గది, ఆ గది తలుపు పక్కనే ఆయన బల్ల. లోపల ఇనుప రాక్‌లో ఒక పెద్ద నెట్‌వర్క్ స్విచ్ ఉండేది. ఓపీ చీటీ మొదలు స్కానింగ్ బొమ్మల దాకా, దవాఖానలో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఏది పోవాలన్నా దాని గుండానే పోవాలి. దాని ఫ్యాను ఆగినా, అది వేడెక్కినా, రాక్ మీద బిగించిన చిన్న డబ్బా కీచుమని మోగుతుంది. మోగగానే లోపలికి పోయి, ఏ లైటు ఎర్రగా ఉందో చూసి సరిచేయడం ఫ్రాన్సిస్ పని. ఇదివరకు ఆ హెచ్చరికలు ఆయన కంప్యూటర్ తెర మీద కూడా కనిపించేవి. ఆ సాఫ్ట్‌వేర్ గడువు నిరుడు ముగిసింది. మేనేజర్ శ్యాంసుందర్ మళ్ళీ తీసుకోలేదు.

"అలారం మోగుతది కదా, మీరు పక్కనే ఉంటరు కదా" అన్నాడు. ఫ్రాన్సిస్‌కూ అది సబబుగానే తోచింది.

మార్చిలో ఒకరోజు పొద్దున, వరండా తుడిచే కట్టమ్మ ఆయన బల్ల ముందు ఆగింది.

"సారూ, గా లోపల ఏందది, గంటసేపటి సంది ఒర్రుతాంది? చెవులు గుయ్యిమంటానయ్."

ఫ్రాన్సిస్ చెవులు రిక్కించాడు. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. ఏం ఒర్రుతలేదక్కా అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. లేచి తలుపు తెరిచాడు. స్విచ్ మీద ఒక ఫ్యాను లైటు ఎర్రగా ఉంది. డబ్బా మీద చెయ్యి పెట్టాడు. అది సన్నగా అదురుతోంది. చెవి ఆనించాడు. అదురు తెలుస్తోంది, శబ్దం లేదు.

ఫ్యాను మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత చాలాసేపు ఆయన ఆ గదిలోంచి బయటికి రాలేదు.

తన దవాఖానలో ఎవరికీ తెలియకుండా హనుమకొండలోనే బయట ఒక చెవుల డాక్టరు దగ్గరికి పోయాడు. హెడ్‌ఫోన్ తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట కొన్ని వినబడ్డాయి. తర్వాత ఏమీ రాలేదు. తర్వాతది ఎప్పుడు పెడతారా అని ఆయన ఇంకా ఎదురుచూస్తుండగానే, పరీక్ష అయిపోయిందని అక్కడి అమ్మాయి హెడ్‌ఫోన్ తీసేసింది. సన్నటి శబ్దాలు పట్టే నరం దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. ఆ గది హోరు వల్లనో వయసు వల్లనో చెప్పలేమన్నాడు. పోయింది తిరిగిరాదు, చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయన్నాడు.

ఆ రాత్రి భార్య లిదియాకు మాత్రం చెప్పాడు.

"మరి మిషన్ పెట్టుకోరాదా?" అందామె.

"పెట్టుకుంటే తెల్లారి అందరికీ తెలుస్తది. చెవిటోనికి అలారం కాడ ఏం పని అంటరు."

"ఎన్ని రోజులు దాస్తరు?"



మర్నాడు కట్టమ్మకు కూడా చెప్పక తప్పలేదు. "అక్కా, అది మోగితే జర నాకు చెప్పు."

కట్టమ్మ చీపురు గోడకు ఆనించి ఆయన్ని చూసింది. "ఇనబడదా సారూ?"

"ఇనబడదు."

"నాకు మోకాళ్ళు పోయి రెండేండ్లాయె. ఎవ్వలకు చెప్పలే. నేను చెప్త తియ్యి, ఫికర్ చెయ్యకు."

ఆమె రోజంతా ఆ అంతస్తులోనే తిరిగేది. ఏప్రిల్‌లో ఒకసారి, మేలో రెండుసార్లు ఆమె వచ్చి బల్ల మీద వేళ్ళతో కొట్టింది. మూడుసార్లూ ఆయన వెంటనే లోపలికి పోయి చూసుకున్నాడు. ఇట్లా నడిచిపోతుందేమో అనుకోవడం మొదలుపెట్టాడు.

జూన్‌లో ఒక మంగళవారం, పొద్దున డ్యూటీకి వచ్చిన కట్టమ్మను కాంట్రాక్టరు గేటు దగ్గరే ఆపి కొత్త బిల్డింగుకు పంపించాడు. పైకి పోయి సారుకు ఒక మాట చెప్పి వస్తానంటే, ఏం మాట, పోయి పని చూసుకో అన్నాడు. ఫ్రాన్సిస్‌కు ఈ సంగతి తెలియదు. తొమ్మిదిన్నరకు లోపలికి పోయి చూసినప్పుడు లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. తర్వాత దవాఖానలోని కంప్యూటర్లన్నిటి పట్టీ రాస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ఇవ్వాలని శ్యాంసుందర్ చెప్పి ఉన్నాడు. పదీ పదికి స్విచ్‌లో రెండు ఫ్యాన్లు ఆగిపోయాయి. అలారం మొదలైంది. ఫ్రాన్సిస్ తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాడు. పన్నెండున్నరకు టిఫిన్ డబ్బా విప్పి అన్నం తిన్నాడు. ఒంటిగంటా పదికి, వేడి తట్టుకోలేక స్విచ్ తనంతట తాను ఆగిపోయింది.

కింద నుంచి మనుషులు పరుగెత్తుకుని వచ్చేదాకా ఆయనకు తెలియలేదు. తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. ఫ్యాన్లు మార్చాడు. చల్లబడేదాకా ఆగి మళ్ళీ నడిపించేసరికి యాభై నిమిషాలు గడిచాయి.

ఆ యాభై నిమిషాల్లోనే పర్వతగిరి వైపు నుంచి వెంకట్రాజం అనే రైతును పక్షవాతం వచ్చిందని తీసుకొచ్చారు. తలకు స్కానింగ్ తీశారు. ఆ బొమ్మ చూసి ఏ మందు ఇవ్వాలో చెప్పే డాక్టరు వేరే ఊళ్ళో ఉన్నాడు. బొమ్మ ఆయనకు పోలేదు. అరగంట చూసి, పెద్ద దవాఖానకు పంపించారు. మనిషి బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు మళ్ళీ స్వాధీనంలోకి రాలేదు. ఆ అరగంట దక్కితే వచ్చేవా అంటే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత శ్యాంసుందర్ తన గదికి పిలిచి, వరండా కెమెరాలో రికార్డయింది చూపించాడు. దానికి శబ్దం లేదు. ఒక నర్సు చెవి మూసుకుంటూ పోయింది. ఒక పేషెంటు తాలూకు మనిషి ఆగి, సర్వర్ గది తలుపు వైపు చూసి పోయాడు. ఇంకో నర్సు ఫ్రాన్సిస్‌తో ఏదో అంటూ ఆ తలుపు వైపు చెయ్యి చూపింది. ఫ్రాన్సిస్ తలెత్తి, నవ్వి, తలూపి, మళ్ళీ రాసుకోసాగాడు. ఆ రోజు ఆమె తనను పలకరించిందనే అనుకున్నాడు.

"మూడు గంటలు మోగింది ఫ్రాన్సిస్ గారూ" అన్నాడు శ్యాంసుందర్. "మీరు అన్నం తింటున్నరు. ఏం జెప్పాలె నేను పైవాళ్ళకు?"

ఫ్రాన్సిస్ తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. నిజం చెప్తే ఎప్పటి సంది అంటారు. ఎవరికి తెలుసు అంటారు. కట్టమ్మ పేరు వస్తుంది. రేపు ఇంకెక్కడికి పోయినా ఇక్కడికి ఫోన్ చేసి అడుగుతారు. పని మీద శ్రద్ధ లేదంటే ఎవడన్నా ఒకడు ఇంకో అవకాశం ఇస్తాడేమో. చెవులు లేవంటే ఎవడూ ఇవ్వడు.

"ఇనబడ్డది సార్" అన్నాడు. "తర్వాత చూద్దామనుకున్న."

అదే రాసివ్వమని శ్యాంసుందర్ ఒక కాగితం ముందుకు జరిపాడు. పద్దెనిమిదేళ్లలో ఎర్రలైటును చూసి ఒక్కనాడూ ఊరుకోని మనిషి, అలారం విని కూడా నిర్లక్ష్యం చేశానని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఉద్యోగం ఆ రోజే పోయింది.

"అబద్ధం ఎందుకు చెప్పిన్రు?" అంది లిదియా.

"నిజం చెప్తే ఏం మిగులుతుండె?"

"ఇప్పుడేం మిగిలింది?"

హైదరాబాదు కంపెనీ ఒకటి ఫోన్‌లో ఇంటర్వ్యూ పెట్టింది. అవతల ఒక అమ్మాయి సన్నటి గొంతు. ఫోను స్పీకర్‌లో పెట్టి, లిదియా పక్కన కూర్చుని ప్రశ్నలు కాగితం మీద రాసి చూపించింది. అయినా ఆమె రాయడం పూర్తికాకముందే తొందరపడి, రెండుసార్లు ఒకటి అడిగితే ఇంకోటి చెప్పాడు. మూడోసారికి ఆ అమ్మాయి థాంక్యూ సార్ అని పెట్టేసింది. తర్వాత వచ్చిన రెండు ఫోన్లు ఆయన ఎత్తలేదు.

జూలై మొదట్లో లిదియాను వెంటబెట్టుకుని వెంకట్రాజం ఉన్న దవాఖానకు పోయాడు. ఆమెను మెట్ల దగ్గర ఉండమని, ఒక్కడే వార్డులోకి వెళ్ళాడు. వార్డు నిండా జనం, గోల. వెంకట్రాజం ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య చెంచాతో జావ తాగిస్తోంది.

"అమ్మా, నేను ఆ దవాఖానల పనిచేసినోణ్ణి" అన్నాడు ఫ్రాన్సిస్. "ఆ రోజు మిషన్ బందైంది నా వల్లనే."

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది. ఆయన ముఖంలోకి చూసి, నెమ్మదిగా ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. పెదవులు కదలడం కనిపిస్తోంది, గోలలో ఒక్క మాటా అందడం లేదు. తిడుతోందో, ఓదారుస్తోందో, ఏమన్నా అడుగుతోందో ముఖం చూస్తే తెలియలేదు. చెప్పడం ఆపి, జవాబు కోసం ఆయన వంక చూసింది. ఫ్రాన్సిస్ తలూపాడు. ఆమె ఇంకాసేపు చూసి, గిన్నె చేతిలోకి తీసుకుంది.

మెట్ల దగ్గర లిదియా అడిగింది. "ఏమన్నదామె?"

"తెల్వది."

"నేను పోయి అడిగి రానా?"

"వద్దు" అన్నాడు ఫ్రాన్సిస్. "ఆమెతోని అది రెండోసారి చెప్పించొద్దు."

ఇద్దరూ మెట్లు దిగి బస్టాప్ వైపు నడిచారు.