ఈమెను నేనెరుగుదును

అలబామాలోని ఆ జిల్లా కోర్టు వసారాలో క్లియోటా మినిఫీల్డ్‌ను వెళ్ళగొట్టిన రోజున ఎజ్రా టాలివర్ ఆమెకు ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు. కారు పన్ను కట్టడానికి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అంతా చూశాడు, అంతా విన్నాడు.

ఓటర్ల నమోదు నెలలో రెండు రోజులే, మొదటి సోమవారం, మూడో సోమవారం. క్లియోటాకు అరవై మూడేళ్ళు. గాంట్ దొర పొలంలో, ఆయన ఇచ్చిన ఇంట్లోనే ఉంటూ పత్తి తీస్తుంది. ఎనిమిది మైళ్ళు నడిచి వచ్చి దరఖాస్తు నింపి, కిటికీలోంచి అందించింది.

"సాక్షి ఎవరే, ముసలీ?" అన్నాడు నమోదు అధికారి స్ట్రిక్‌లాండ్.

అదీ అక్కడి పద్ధతి. కొత్తగా ఓటు అడిగేవాళ్ళ వెంట, అప్పటికే ఓటున్న మనిషి ఒకరు రావాలి. 'ఈమెను నేనెరుగుదును, ఫలానా ఇంట్లో ఉంటుంది, మంచి నడవడి గలది' అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తెల్లవాళ్ళకు పక్కింటివాళ్ళు పెట్టేస్తారు. నల్లవాళ్ళకు పెట్టే తెల్లవాడు లేడు. ఓటున్న నల్లవాడు జిల్లా మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడూ ఎజ్రా.

ఆ సంగతి నల్లవాళ్ళలో క్లియోటాకు తప్ప మరొకరికి తెలియదు. ఎజ్రా భార్య ఒడెస్సా బతికుండగా స్నేహితురాలితో చెప్పుకున్న రహస్యం అది. స్ట్రిక్‌లాండ్‌కు తెలుసు. అందుకే కళ్ళజోడు మీదుగా ఎజ్రాను చూస్తూ నవ్వాడు.

"ఇక్కడ నిన్నెరిగినవాళ్ళెవరైనా ఉన్నారా?"

క్లియోటా ఒక్కసారి ఎజ్రా వైపు చూసింది. అతను గోడమీది గవర్నరు పటాన్ని చూశాడు.

"ఇవాళ లేరండి, దొరా," అందామె.

పోలీసు ఆమె మోచెయ్యి పట్టి మెట్లమీదకు నెట్టాడు. దరఖాస్తు వెనకాలే ఎగిరొచ్చి పడింది. ఆమె దాన్ని తీసి మడిచి జాకెట్లో పెట్టుకుని నడిచిపోయింది. అతని పేరు చెప్పలేదు. తిట్టి ఉంటే అతను ఓర్చుకునేవాడు. ఆ దయ మాత్రం ఇంటిదాకా అతని వీపుమీద నిప్పులా వచ్చింది.

పద్నాలుగేళ్ళ కిందట అతనికి సాక్షి సంతకం పెట్టింది గాంట్ దొరే. జిల్లాలో నల్లవాళ్ళకూ ఓటుందని పైవాళ్ళకు చూపించడానికి ఒక్క పేరు కావాల్సి వచ్చింది. ఎజ్రా నల్లపిల్లల బడికి హెడ్‌మాస్టరు, నెమ్మదస్తుడు, ఎదురు చెప్పడు. "నీ దగ్గరే ఆగాలి పంతులూ, ఇంకెవరికీ నువ్వు సంతకం పెట్టకూడదు," అన్నాడు గాంట్. ఎజ్రా తల ఊపాడు.

ఒడెస్సా అతన్ని నోరు తెరిచి అడిగింది ఒక్కసారే. "నాకు సంతకం పెడతావా?" అని. వచ్చే నెల చూద్దామన్నాడు. ఆ తరవాత ప్రతి మొదటి సోమవారం పొద్దున్నే ఆమె తన నీలం గౌను ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించేది. సాయంత్రం మళ్ళీ పెట్టెలో పెట్టేది. పదకొండేళ్ళు అలా చేసింది. మూడేళ్ళ కిందట ఆ గౌనుతోనే ఆమెను పూడ్చిపెట్టాడు.

మరుసటి ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చిలో మీటింగు జరిగింది. ఓటు హక్కు ఉద్యమం పంపగా వచ్చిన వెర్నెల్ అనే కాలేజీ అమ్మాయి బల్ల దగ్గర నిలబడి మాట్లాడుతోంది. గదంతా విసనకర్రల చప్పుడు.

"నలభైమంది ఫారాలు నింపారు," అందామె. "సాక్షి దొరికితే చాలు."

"దొరికితే!" ట్రాక్టరు తోలే హోసియా లేచాడు. "దొరికితే నేను రేపే గవర్నర్నయిపోతాను. తల్లీ, ఇక్కడ తెల్లోడు మన కుక్కకి కూడా సాక్ష్యం చెప్పడు."

నవ్వులు లేచాయి.

"చదువుకున్నోళ్ళేం చేస్తున్నారంట?" హోసియా వదల్లేదు. "ముందు బెంచీలో కూచుంటారు, టై కట్టుకుంటారు. మన పిల్లలకి ప్రభుత్వం అంటే ఏంటో పాఠం చెప్తారు. కోర్టు గడప మాత్రం తొక్కరు. తప్పా, పంతులుగారూ?"

"నోర్ముయ్యరా హోసియా," అంది క్లియోటా వెనక నుంచి. "నీ కూతురు ఉత్తరం రాస్తోందంటే ఆయన చలవే."

రెండోసారి కాపాడింది. ఎజ్రా ఇక కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"హోసియా అన్నది నిజమే. సగమే నిజం," అన్నాడు. "నేను గడప తొక్కాను. నాకు ఓటుంది. పద్నాలుగేళ్ళ నుంచీ ఉంది. మొన్న క్లియోటమ్మను గెంటేసినప్పుడు నేనక్కడే ఉన్నాను. గోడ చూస్తూ నిలబడ్డాను."

విసనకర్రలు ఆగిపోయాయి.

"పద్నాలుగేళ్ళా!" హోసియా గొంతులో కోపం కూడా పలకలేదు. "మీ ఆవిడకైనా పెట్టలేదా సంతకం?"

"లేదు."

ఎవరో ముసలాయన "అయ్యో దేవుడా" అన్నాడు. ఒకామె లేచి బయటికి వెళ్ళిపోయింది. ఎజ్రా కూర్చోబోయాడు.

"కూర్చోకండి, పంతులుగారూ," అంది క్లియోటా. "ఏడవాల్సింది తరవాత ఏడుద్దాం. మొదటి సోమవారం ఎనిమిదింటికల్లా రండి. కలం మీదే తెచ్చుకోండి. మనం వెళ్ళేసరికి వాళ్ళ కలాల్లో సిరా ఎండిపోద్ది."

ఆ సోమవారం కోర్టు ముందు నలభై ఒక్క మంది వరుస కట్టారు. క్లియోటా అందరికన్నా ముందు, పక్కన ఎజ్రా.

"సాక్షి ఎవరే?"

"నేను," అన్నాడు ఎజ్రా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

స్ట్రిక్‌లాండ్ కలం కింద పెట్టాడు. "ఎజ్రా, నీకు ఉద్యోగం మీద మోజు తీరిందా? బళ్ళ సూపరింటెండెంటుకి ఫోన్ చెయ్యమంటావా?"

"చెయ్యండి. నంబరు నాకు తెలుసు, చెప్పనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎజ్రా చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. 'క్లియోటా మినిఫీల్డ్, గాంట్ పొలం, మూడో నంబరు ఇల్లు. ఈమెను నేనెరుగుదును.' సొంత కలంతో సంతకం పెట్టాడు. స్ట్రిక్‌లాండ్ ఆ కాగితం తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల ఫోను తిప్పిన చప్పుడు వినిపించింది.

గంట గడిచింది. ఎండ మెట్లెక్కింది. వరుస కదల్లేదు. హోసియా తన డబ్బా తెరిచి, బెల్లంపాకం పూసిన రొట్టెముక్క ఒకటి ఎజ్రా చేతిలో పెట్టాడు. మొహం మాత్రం చూడలేదు. ఎజ్రా దాన్ని తిన్నాడు. అంత తియ్యటిది తినే అర్హత తనకు లేదనిపించింది. అయినా తిన్నాడు.

అప్పుడొచ్చింది గాంట్ దొర లారీ. కోర్టు ముందు పచ్చికమీద సామాను కుమ్మరించి వెళ్ళిపోయింది. ఇనప మంచం, బట్టలుడకేసే కాగు, అతుకుల బొంత, ఒక ఊగుడు కుర్చీ. క్లియోటా సంసారం మొత్తం అదే.

తలుపు తెరుచుకుంది. పోలీసును వెంటబెట్టుకుని స్ట్రిక్‌లాండ్ బయటికొచ్చాడు.

"మూడో నంబరు ఇంట్లో ఈ పేరుగల మనిషెవరూ లేరట. పొద్దున ఏడింటికే ఖాళీ అయిందట. ఎజ్రా, ప్రమాణం చేసి అబద్ధమాడావు. దానికి జైలు."

ఎజ్రాకు అర్థమైంది. కాగితంలో ఇంటి నంబరు రాయించింది ఇందుకే. తన సంతకమే ఆమె నెత్తిమీది కప్పు ఊడదీసింది.

"క్లియోటమ్మా," అన్నాడు. "నా వల్ల..."

ఆమె వినలేదు. పచ్చికమీదకు వెళ్ళి ఊగుడు కుర్చీ ఎత్తుకొచ్చింది. మెట్ల ముందు, వరుసలో తన చోట వేసి కూర్చుంది.

"నా ఇల్లిదే ఇప్పుడు," అంది. "కోర్టు మెట్ల ముందు. రాసుకోండి, దొరా."

"నీకు సాక్షి లేడు!" అరిచాడు స్ట్రిక్‌లాండ్.

హోసియా టోపీ తీశాడు. కుడిచెయ్యెత్తాడు. "ఈమెను నేనెరుగుదును. కోర్టు మెట్ల ముందు ఉంటుంది. మంచి నడవడి గలది."

"నీకు ఓటు లేదురా!"

"లేదు. కానీ ఎరుగుదును."

వెనక మనిషి చెయ్యెత్తాడు. "హోసియాను నేనెరుగుదును." ఆ వెనకావిడ, "ఇతన్ని నేనెరుగుదును, మా చర్చిలో పాడతాడు, సరిగ్గా పాడడు." నవ్వుతూనే, వణుకుతూనే ఒకరి తరవాత ఒకరు చేతులెత్తారు. నలభై ఒక్కరికీ సాక్షులు నలభై ఒక్కరే.

పోలీసు ఎజ్రాకు సంకెళ్ళు వేసి కారు దగ్గరికి నడిపించాడు. తల వంచి లోపల కూర్చోబోతుంటే క్లియోటా గొంతు వినిపించింది.

"ఇంకో పేరుంది దొరా. ఒడెస్సా టాలివర్. పదకొండేళ్ళు గౌను ఇస్త్రీ చేసుకుని కూర్చుంది. ఆమెను నేనెరుగుదును."

ఎజ్రా ఆగిపోయాడు. ఆ మాట అనవలసిన నోరు తనది. పదకొండేళ్ళలో ఏ సోమవారమైనా అని ఉండవచ్చు.

"నేనూ ఎరుగుదును," అన్నాడు. చాలా ఆలస్యంగా, చాలా గట్టిగా. పోలీసు అతని తల పట్టి లోపలికి తోశాడు.

మధ్యాహ్నానికల్లా స్ట్రిక్‌లాండ్ కిటికీ మూసేశాడు. వరుస సాయంత్రం దాకా కదల్లేదు.

మూడో సోమవారం, కోర్టుకు ఎదురుగా ఉన్న జైలు కిటికీ చువ్వల్లోంచి ఎజ్రా వరుసను లెక్కపెట్టాడు. నూట పన్నెండు మంది. అందరికన్నా ముందు, మెట్ల దగ్గర, అదే ఊగుడు కుర్చీ.