ఎగతాళి వరస

యాకుమా సంచి మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న ఉల్లిపాయ ఒకటి పైకి లాగింది. బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తబడింది. మెడ దగ్గర ఆకుపచ్చ మొలక తొంగి చూస్తోంది. దాన్ని ఏట్లోకి విసిరేసి, సంచి మూతి బిగించి, పక్క సంచి విప్పింది. తెల్లవారినప్పటి నుంచి ఇదే పని. చూసిన సంచినే మళ్లీ చూస్తోంది. చూసినంత మాత్రాన కుళ్లేది కుళ్లక మానుతుందా? అయినా ఆ చేతులు ఊరుకోవు.

పొట్టి మనిషి. ఎండకి మాడిన మెడ, బరువులు మోసి మోసి కాస్త కుడివైపుకి ఒరిగిన భుజాలు, నీలిమందులో ముంచిన గుడ్డ నడుముకి రెండు చుట్లు. కాళ్ల పగుళ్లలో ఇంకా కొండమీది ఎర్రమట్టి ఉంది. ఏటి ఒడ్డున ఎన్నిసార్లు కడుక్కున్నా అది పోదు. సంచుల దగ్గర నుంచి లేచి రేవు మెట్లు దిగింది. నిన్న తడిగా ఉన్న మెట్టు ఇవాళ పొడిగా ఉంది. దాని కిందిది కూడా ఆరడం మొదలైంది. మళ్లీ పైకెక్కింది.

మోప్తీ రేవు ఆమె కంగారుని పట్టించుకోలేదు. ఎండుచేపల కట్టలు దిగుతున్నాయి, ఉప్పు పలకలు ఎక్కుతున్నాయి, మేకలు అరుస్తున్నాయి. ఎటు చూసినా ఇంకో దేశమే తప్ప సముద్రమన్నది లేని నేలలో, సరుకు కదలాలంటే ఈ జొలిబా ఏరే దిక్కు. ఆ ఏరు ఎండాకాలానికి ముందే చిక్కిపోతోంది. హమ్మా మైగా పెద్ద పడవే ఉత్తరానికి వెళ్లే ఆఖరి పడవ. ఇది తప్పితే చిన్న దోనెలే. వాటిలో ఇన్ని సంచులు పట్టవు.

ఇన్నేళ్లూ ఆమె ఉల్లిపాయల్ని ఈ గట్టు మీదే దళారికి అప్పగించి, వాడు చెప్పిందే ధర అనుకుని కొండెక్కి ఇంటికి పోయేది. ఈసారి అలా కాదని పట్టుబట్టింది. తానే పడవెక్కి, నియాఫుంకే సంతలో కూర్చుని, తన నోటితోనే ధర చెబుతుంది. ఆ మాట నమ్మి ఊళ్లో ఆడవాళ్లు తమ సంచులు కూడా ఆమె చేతిలో పెట్టారు. బండమీద మట్టి మోసి పోసుకుని, సొరకాయ బుర్రలతో నీళ్లు చల్లి పండించిన పంట. ఏళ్ల తరబడి మాట్లాడని సవతి సైతం రెండు సంచులు తెచ్చి గుమ్మంలో దించి వెళ్లిపోయింది. ఇవి ఇక్కడే కుళ్లితే ఆ ఊరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?

ఇంత జరిగాక, పడవలోకి నీరు ఊరుతోంది. పలకల మధ్య సందులు నోళ్లు తెరిచాయి. దాన్ని ఒడ్డుకి లాగి పక్కకి వాల్చారు. సందులు పూడ్చే పనివాళ్లంతా చేపల వేటకి సరస్సు మీదికి పోయారు. మిగిలింది ముసలి బాముసా కరబెంతా ఒక్కడే. అతనేమో ఒంట్లో బాగాలేదు, రానన్నాడు. హమ్మా మైగా నిన్న సాయంత్రం నేరుగా యాకుమా దగ్గరికి వచ్చాడు.

"డబ్బు ఆశ చూపించాను, కాళ్లు పట్టుకోవడమొకటే తక్కువ. ఊహూ. నువ్వు దొగోన్ దానివి కదమ్మా. నువ్వడిగితే వాడు కాదనలేడు" అన్నాడు.

అది నిజమే. ఏటి మీద బతికే బోజోలకీ కొండ మీద బతికే దొగోన్‌లకీ తాతల నాటి నుంచి ఎగతాళి వరస. కరువులో దొగోన్ పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే, బోజోవాడు తన తొడ కోసి తినిపించాడట. అప్పటి నుంచి ఒకరి మీద ఒకరు చెయ్యి ఎత్తకూడదు, పెళ్లాడకూడదు, అడిగింది కాదనకూడదు. తిట్టుకోవడానికి మాత్రం అడ్డూ ఆపూ లేదు, కోపం తెచ్చుకోవడమే తప్పు. యాకుమా బాముసా ఇంటి వాకిట్లో నిలబడి, "ఒరేయ్ బానిసా, రేప్పొద్దున నా పడవ దగ్గర కనబడాలి" అని కేకేసి వచ్చింది. లోపల్నుంచి అతను, "వస్తాను తల్లీ, చావనైనా చావనివ్వవు కదా" అన్నాడు. వాకిట్లో కూర్చున్నవాళ్లంతా నవ్వారు.

పొద్దున్నే వచ్చాడు కూడా. ఇప్పుడు పడవ పక్కన గొంతుక్కూర్చుని, బూరుగు దూదీ పాత గుడ్డ పేలికలూ కలిపి తాడులా పేని, షియా గింజల వెన్నలో ముంచి, సందులో పెట్టి ఉలితో కొడుతున్నాడు. ఎముకల గూడు లాంటి ఒళ్లు, తెల్లబడిన గడ్డం. నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా యాకుమాకి ఒళ్లు మండుతోంది. పోయి అతని నెత్తి మీద నిలబడింది.

"ఏమే ఉల్లిగడ్డా, నా మీద నీడ పడితే పని తొందరగా అవుతుందా? అవతలికి జరుగు."

"జరిగితే నిద్రపోతావు. మీ వాళ్ల సంగతి నాకు తెలీదా? గేలం వేసి గట్టు మీద గురక పెట్టడమేగా మీ వృత్తి."

"మేం గురక పెడితే చేప వస్తుంది. మీరు బండరాయికి కాపలా కూర్చుంటే ఏమొస్తుంది?"

"నీలాంటి మొగుడు రాలేదు. అదే పదివేలు."

హమాలీలు పగలబడి నవ్వారు. బాముసా కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఉలి కింద పెట్టి, అరచెయ్యి గుండెల మీద ఆనించుకున్నాడు.

"నిన్నట్నించీ ఇక్కడ రాయి పెట్టినట్టు ఉందే. ఎడం చెయ్యి లాగేస్తోంది."

"రాయా? అది మా కొండదే అయ్యుంటుంది. ఎప్పుడు దొంగిలించి మింగావు? కక్కెయ్."

"నిజంగానే చెప్తున్నా."

"నువ్వు నిజం చెప్పిన రోజున నేను నియాఫుంకేకి ఈదుకుంటూ పోతాను. కొట్టు, కొట్టు. నీళ్లు దిగిపోతున్నాయి."

మోకాలి లోతు నీళ్లంటేనే భయపడే మనిషి ఈదుతుందట. హమాలీలు మళ్లీ నవ్వారు. బాముసా ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఉలి తీసుకుని, "తాతల తొడ తిన్నారు, ఇంకా కడుపు నిండలేదు వీళ్లకి" అని గొణుగుతూ కొట్టడం మొదలుపెట్టాడు.

యాకుమా అక్కడా నిలవలేకపోయింది. మెట్లెక్కింది, దిగింది. ఒక సంచి మీద కూర్చుని లేచింది. టీ కాచేవాడి దగ్గర గ్లాసుడు టీ కొని, సగం తాగి, మిగతా సగం తీసుకెళ్లి బాముసా చేతిలో పెట్టి, "విషం కలిపాను, తాగు" అంది. అతను తాగి, "విషం కూడా పిసినారితనంగానే వేశావు" అన్నాడు. అతని నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది. ఎండ కదా అనుకుంది. ఒడ్డున అందరికీ చెమట పడుతూనే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పని అయింది. పడవని నీళ్లలోకి నెట్టారు. హమ్మా మైగా అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. పొడి. "ఎక్కించండి" అన్నాడు. సంచులు ఒక్కొక్కటే భుజాలెక్కి పలక మీదుగా లోపలికి పోతుంటే, ఈ రోజు మొదటిసారి యాకుమా ఒకచోట కుదురుగా నిలబడి చూసింది. సవతి సంచులు కూడా ఎక్కాయి. ఒళ్లంతా తేలికైంది. ఆ ముసలోణ్ణి నాలుగు తిట్టి వెళదామని వెతికింది.

అతను ఇసుక దిబ్బకి చేరగిలబడి, చాప నీడలో కళ్లు మూసుకుని ఉన్నాడు. నోరు కాస్త తెరుచుకుంది.

"చూశారా? నేను చెప్పలేదూ, వదిలితే నిద్రపోతాడని" అని ఆమె గొంతు పెంచింది. "లేవరా బానిసా. నీ యజమానురాలు ప్రయాణమై వెళ్తోంది. లేచి దండం పెట్టు."

హమాలీలు సంచులు దించి చుట్టూ చేరారు. వేడుక చూడాలని టీ కాచేవాడూ వచ్చాడు.

"నాటకం. ఏటేటా ఏదో ఒక నాటకం ఆడతాడు వీడు. పడవెక్కేటప్పుడు నేను ఏడవాలని చూస్తున్నాడు. మీ బోజోల కోసం ఏడిస్తే మా కళ్లు చేప కంపు కొడతాయిరా."

నవ్వులు. ఆమె వంగి, దోసెడు ఏటి నీళ్లు తెచ్చి అతని ముఖాన కొట్టింది. నీళ్లు గడ్డం మీద నుంచి జారాయి. కంటి గుంటలో మాత్రం కొంచెం నిలిచిపోయాయి. అతను తుడుచుకోలేదు. ముందు టీ కాచేవాడు నవ్వడం మానాడు, తర్వాత హమాలీలు. యాకుమా ఇంకో మాట అనడానికి నోరు తెరిచి, అతని చెయ్యి పట్టుకుని, అలాగే ఇసుకలో కూలబడింది.

బాముసాని తలుపు చెక్క మీద మోసుకెళ్లారు. హమ్మా మైగా టోపీ తీసి, దువా చదివి, మళ్లీ పెట్టుకున్నాడు. "అల్లా పిలుపు. మనమేం చేస్తాం? ఏరు మాత్రం ఆగదమ్మా. ఎక్కు" అన్నాడు.

ఆమె పలక మీద కాలు పెట్టింది కూడా. వెనక నుంచి బాముసా పెద్ద కొడుకు, గడ్డం నెరుస్తున్న మనిషి, వగర్చుకుంటూ వచ్చాడు. "అత్తా, అమ్మ పిలుస్తోంది. సాయంత్రం నమాజు లోపే తీసేస్తారు. దొగోన్ మనిషి గుమ్మంలో లేకుండా నాన్నని ఎలా పంపిస్తామంటోంది."

యాకుమా సంచుల వంక చూసింది. అతని వంక చూసింది. తాను లేకుండా ఇవి నియాఫుంకే చేరితే, అక్కడ దళారి మనిషే దించుకుంటాడు. సగం కుళ్లాయంటాడు. మిగతా సగానికి వాడిష్టం. ఊరి ఆడవాళ్లు ఒక్క మాటా అనరు, అదే భరించలేనిది. హమ్మా మైగా, "ఏమంటావు?" అన్నాడు. ఆమె కాలు వెనక్కి తీసి ఇసుకలో పెట్టింది. పడవ కదిలి ఏటి మధ్యకి పోయేదాకా కూడా ఆగకుండా, బాముసా కొడుకు వెంట నడిచింది.

ఇంటి వాకిలి నిండా జనం. లోపల స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, చాపలో పెట్టారు. బాముసా భార్య తెనిన్ గోడ వారన కూర్చుని ఉంది. యాకుమా ఆమె ముందు చతికిలబడింది.

"ఈ చావు నేనే తెచ్చాను తెనిన్. వాడు చెప్పాడు. రాయి పెట్టినట్టుందన్నాడు, నిజమన్నాడు. నేను నవ్వాను. అందరి చేతా నవ్వించాను."

"నేనూ వద్దన్నాను వదినా. 'దొగోన్‌ది అడిగింది, కాదంటే తాతలు లేచొచ్చి తంతారు' అని పోయాడు." తెనిన్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీతోనూ ఎగతాళే, నాతోనూ ఎగతాళే. ఇంకోలా చెప్పడం ఆయనకి ఎక్కడ చేతనవును?"

"నాకు నోరు రావట్లేదు."

"ఏడవడానికి మేమంతా ఉన్నాం. నువ్వు తిట్టాల్సినదానివి. నువ్వు తిట్టకపోతే దిక్కులేనివాడిలా పోతాడు. లే."

మగవాళ్లు చాపని భుజాలకెత్తారు. యాకుమా లేచి, గుమ్మానికి రెండు వైపులా చేతులు ఆనించి అడ్డంగా నిలబడింది. వాకిలంతా ఆమె నోటి వంకే చూస్తోంది.

"ఎక్కడికి మోసుకెళ్తున్నారు వీణ్ణి?" అని కేకేసింది. "వీడు నా బానిస. నన్నడక్కుండా ఎవరు కదపమన్నారు? చచ్చినట్టు పడుకుని పని ఎగ్గొట్టడం వీళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. మీరు నమ్మినా నేను నమ్మను."

ఎవరో ముసలాయన నవ్వాడు. యాకుమా ఆగింది. ప్రతి తిట్టు తర్వాతా ఆగడం ఆమెకి అలవాటు, అవతలి నుంచి జవాబు రావాలి కదా. వాకిట్లో మేకపిల్ల ఒకటి అరిచి ఊరుకుంది.

"లే ముసలోడా. నీ కోసం నా పడవ పోయింది. నా ఉల్లిపాయలు పోయాయి. తిట్టు నన్ను. బండరాయి తిండిదానా అను. ఉల్లిగడ్డా అను. అనరా. ఏదీ నీ నోరు? ఒక్కసారి అను, అడ్డం తప్పుకుంటాను."

ఇప్పుడు నవ్వేవాళ్లు నవ్వుతూనే ఏడుస్తున్నారు. తెనిన్ వచ్చి, దారి వదలడానికి దొగోన్‌కి ఇవ్వాల్సిన సుంకంగా ఒక ఎండుచేపని ఆమె గుప్పిట్లో పెట్టింది. యాకుమా దాన్ని వాసన చూసి, "ఇంతేనా వీడి ఖరీదు? పిసినారి కొంప" అంది. ఒక చెయ్యి దించింది. రెండో చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది. మగవాళ్లు తలలు వంచుకుని ఆమె పక్కనుంచి వెళ్లారు.

వాకిలి ఖాళీ అయ్యింది. ఆడవాళ్లు లోపలికి పోయారు. యాకుమా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. గోడ పక్కన, మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజు చేసుకుంటానని పొద్దున్నే అతను నింపి పెట్టుకున్న చారల ప్లాస్టిక్ కెటిల్, మూతి దాకా నీళ్లతో అలాగే ఉంది.